మా మండలంలోనే మా పిల్లలకు బడి నడవాలి

తెలంగాణ పాఠశాల విద్యాశాఖ డైరెక్టర్ గారికి, సమగ్ర శిక్ష స్టేట్ ప్రాజెక్టు డైరెక్టర్ గారికి, అన్ని జిల్లాల కలెక్టర్ గార్లకు,

నమస్కారాలు.

ఉమ్మడి నల్గొండ జిల్లాలోని ఒక మండల కేంద్రం నుంచి రాస్తున్నాను. మా బాబుకు తొమ్మిదేళ్లు. వాడికి ఆటిజం ఉంది. చుట్టుపక్కల మండలాల్లో ఇలాంటి పిల్లలున్న తల్లిదండ్రులం ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. ఈ ఉత్తరం రాస్తున్నది నేనే అయినా ఇందులో ఉన్న బాధ అందరిదీ. మేం కొత్త పథకం అడగడం లేదు. హైదరాబాద్‌లో ఇంకో పెద్ద సంస్థ కట్టించమనీ అడగడం లేదు. చట్టంలో ఇప్పటికే రాసి ఉన్నది, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మా మండలంలో భవిత కేంద్రం అని బోర్డు కూడా పెట్టి ఉన్నది, వారంలో ఐదు రోజులూ పనిచేసేలా చూడమని అడుగుతున్నాం.

"వారానికోసారి హైదరాబాద్ తీసుకెళ్లండమ్మా, అక్కడ అన్నీ ఉన్నాయి" అని మాకు చాలామంది చెప్పారు. మంచి మనసుతోనే చెప్పారు. తీసుకెళ్లాం కూడా. పొద్దున ఐదింటి బస్సు, ఎల్బీనగర్‌లో దిగి ఆటో, నలభై ఐదు నిమిషాలు స్పీచ్ థెరపీ, ఇంకో నలభై ఐదు నిమిషాలు ఓటీ (రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ), మళ్లీ బస్సు. సెషన్‌కు ఆరు వందల నుంచి వెయ్యి దాకా తీసుకునేవాళ్లు. ఆ థెరపిస్టు అమ్మాయి ఎంతో ఓపికగా ఉండేది. దాహం వేస్తే గ్లాసు బొమ్మ ఉన్న కార్డు తీసి చేతికివ్వాలని మా బాబుకు నేర్పింది ఆ అమ్మాయే. ఆ గదిలో, ఆ నీలం బల్ల దగ్గర, ఆమె చేతికి టంచనుగా ఇచ్చేవాడు. ఇంటికొచ్చాక అలాంటి కార్డే కుండ పక్కన గోడకు అతికిస్తే దాని వంక చూడనైనా చూడలేదు. దాహమైతే మునుపటిలాగే నా చెయ్యి పట్టుకుని కుండ దగ్గరికి లాక్కుపోయేవాడు.

ఆటిజం ఉన్న పిల్లల్లో ఇది మామూలే. ఒకచోట ఒకరి దగ్గర నేర్చుకున్నది ఇంకోచోటికి దానంతటది రాదు. నీళ్లు అడగడం ఇంట్లో కుండ దగ్గర నేర్పాలి, బడిలో కుళాయి దగ్గర నేర్పాలి, అమ్మమ్మ వాళ్ల ఊళ్లో బోరింగు దగ్గర మళ్లీ నేర్పాలి. రోజూ నేర్పాలి. దాహం వేసిన వేళకే నేర్పాలి. అందుకే దూరాన ఉన్న గొప్ప సెంటర్ కన్నా దగ్గర్లో రోజూ తెరిచి ఉండే మామూలు గదిలో మా పిల్లలు ఎక్కువ నేర్చుకుంటారు. నేర్పే మనిషి, పిల్లవాడి ఇల్లు, వాడి బడి ఒకదానికొకటి అందుబాటులో ఉండాలి. నా ఉత్తరమంతా ఈ ఒక్క మాట కోసమే.

రెండేళ్లు దాటినా మా బాబు పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు. చందమామనో కుక్కపిల్లనో వేలు పెట్టి చూపించేవాడు కాదు. సైకిల్ చక్రం తిప్పుకుంటూ గంటలకు గంటలు కూర్చునేవాడు. "మగపిల్లలకు మాటలు ఆలస్యమే, వాళ్ల మేనమామకూ నాలుగేళ్లకు గానీ రాలేదు" అన్నారు చుట్టాలు. ఒకరు తాయెత్తు కట్టించమన్నారు. ఇంకొకరు ఫోన్ చూపించి నువ్వే పాడుచేశావన్నారు. ఈ చివరి మాట మా గ్రూపులో ఉన్న తల్లులు దాదాపు అందరూ పడ్డారు. ఆటిజం మెదడు ఎదుగుదలలో మొదటి నుంచీ ఉండే తేడా, తల్లి పెంపకం వల్ల వచ్చేది కాదు అని ప్రతి అంగన్‌వాడీ గోడ మీద పెద్దక్షరాలతో రాయిస్తే ఎన్నో ఇళ్లలో గొడవలు తగ్గుతాయి. ఆడపిల్లల సంగతి ఇంకా అన్యాయం. ఎవరితోనూ కలవకపోతే సిగ్గరి అంటారు, ఒక మూల కూర్చుంటే కుదురైన పిల్ల అని మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోళ్లలోనే ఏళ్లు గడిచిపోతాయి.

పిల్లల ఆరోగ్యం కోసం 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం నడుస్తోంది. దాని టీములు అంగన్‌వాడీలకూ బడులకూ వచ్చి పిల్లల్ని పరీక్షించాలి. చూడాల్సిన వాటిలో ఎదుగుదల లోపాలు కూడా ఉన్నాయి. అనుమానం ఉంటే జిల్లాలోని డైక్ సెంటర్‌కు, అంటే పిల్లల లోపాలను తొందరగా గుర్తించి సాయం చేసే కేంద్రానికి పంపాలి. మా అంగన్‌వాడీకి వచ్చిన టీము బరువు తూచింది, కళ్లు చూసింది, పళ్లు చూసింది. పిలిస్తే పలుకుతున్నాడా, వేలితో చూపిస్తున్నాడా అని అడగలేదు. ఆ రెండు ప్రశ్నలకు నిమిషం చాలు. రెండేళ్లప్పుడు తెలియాల్సింది మాకు నాలుగేళ్లు దాటాక తెలిసింది.

ఇక వైకల్య సర్టిఫికెట్. దేశమంతా ఆటిజాన్ని కొలవడానికి వాడే ఐసా అనే స్కేలు మన సికింద్రాబాద్‌లోనే, మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పెట్టిన జాతీయ సంస్థలో తయారైంది. అందులో 40 అంశాలుంటాయి. పిల్లవాణ్ని గమనించి, తల్లిదండ్రుల్ని అడిగి, ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు. మొత్తం 70 వస్తే ఆటిజం ఉన్నట్టు, అంటే 40 శాతం వైకల్యం ఉన్నట్టు లెక్క. 2016 ఏప్రిల్‌లో కేంద్రం ఈ స్కేలునే సర్టిఫికెట్లకు ప్రమాణంగా పెట్టింది. మనకింత దగ్గర్లో పుట్టిన స్కేలును మా జిల్లాలో వాడగలిగిన సైకాలజిస్టు ఎక్కడ ఉన్నారో మాలో చాలామందికి ఇప్పటికీ తెలియదు. మా గ్రూపులో ఎంతోమంది పిల్లల పాత సదరం (వైకల్య ధ్రువీకరణ) కాగితాల మీద బుద్ధిమాంద్యం అనే ఉంది. ఆ పిల్లలను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, వాళ్లూ మా పిల్లలే. కానీ మాట రాకపోయినా చదవగలిగే పిల్లవాడికి, చిన్న శబ్దానికే వణికిపోయే పిల్లవాడికి ఏం కావాలో ఆ కాగితం చెప్పదు. సదరం క్యాంపు ఎలా ఉంటుందో మీకు తెలుసు. జనం కిక్కిరిసి ఉంటారు, మైకులో పేర్లు పిలుస్తుంటారు. ఫ్యాన్ చప్పుడుకే చెవులు మూసుకునే పిల్లవాణ్ని అక్కడ మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి, ఆ తర్వాత డాక్టరు గారి ముందు రెండు నిమిషాలు నిలబెడితే ఏం తేలుతుంది? ఆటిజం పిల్లలకు నెలలో ఒక రోజు వేరుగా, టైము చెప్పి పిలిస్తే చాలు. ఖర్చు లేని పని ఇది.

బడి విషయంలో చట్టం ఏ తికమకా లేకుండా ఉంది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అందులోని 21 రకాల్లో ఆటిజం ఒకటి. 31వ సెక్షన్ ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న ప్రతి బిడ్డకూ 6 నుంచి 18 ఏళ్ల దాకా ఇంటి దగ్గరి బడిలోనైనా, కోరుకుంటే స్పెషల్ స్కూల్లోనైనా ఉచితంగా చదివే హక్కు ఉంది. 16వ సెక్షన్ ప్రకారం గుర్తింపు ఉన్న ఏ బడీ వివక్ష చూపకూడదు. ప్రైవేటు బడులూ అందులో ఉన్నాయి. మా ఊళ్లో ఒక ప్రైవేటు స్కూల్ వాళ్లు మమ్మల్ని కుర్చీ వేసి కూర్చోబెట్టి, టీ ఇచ్చి, "వాడి పక్కనే ఉండి చూసుకునే షాడో టీచర్‌ను మీరే పెట్టుకుని జీతం ఇచ్చుకుంటే చూద్దాం, అయినా మిగతా పేరెంట్స్ ఒప్పుకోరమ్మా" అన్నారు. కాగితం మీద రాసివ్వండి అంటే ఇవ్వలేదు. ఎవరూ ఇవ్వరు. కాదన్న సంగతి ఎక్కడా నమోదు కాకపోతే అలాంటిదేమీ జరగనట్టే కదా. మీ లెక్కల్లోకి రాని ఇలాంటి పిల్లలు ప్రతి మండలంలో ఉన్నారు.

చివరికి మా వాడి పేరు రాసుకున్నది ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలే. హెచ్ఎం సారు ఒక్క మాట కూడా అనకుండా చేర్చుకున్నారు. కానీ ఆటిజం అంటే ఏమిటో ఆయన ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పలేదు. మొదటి నెలలు చాలా కష్టంగా గడిచాయి. రోజూ పదకొండు దాటేసరికి ఫోన్ వచ్చేది. కింద పడి ఏడుస్తున్నాడు, తల గోడకేసి బాదుకుంటున్నాడు, వచ్చి తీసుకుపొండి అని. మొండి అని కొందరు, గారాబం అని కొందరు.

అప్పుడు మా మండల భవిత కేంద్రం నుంచి ఐఈఆర్పీ మేడం, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు నేర్పే రిసోర్స్ పర్సన్, వచ్చారు. ఆమె ఏం చేశారో కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే మేం అడుగుతున్నది అదే. మొదటి రోజు ఆమె పాఠం చెప్పలేదు. వెనక బెంచీలో కూర్చుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చూసి రాసుకున్నారు. ఏడుపు ఎప్పుడు మొదలవుతుందో కనిపెట్టారు. మా బడిలో గంట అంటే కిటికీ పక్కన వేలాడదీసిన రైలు పట్టా ముక్క. మా వాడు ఆ కిటికీ పక్కనే కూర్చునేవాడు. ఇంటర్వెల్ గంట కొట్టిన మరుక్షణం మొదలయ్యేది. ఆమె వాణ్ని అవతలి వరుసకు మార్పించారు. గంట కొట్టడానికి రెండు నిమిషాల ముందు తోటి పిల్లవాడొకడు చెయ్యి పట్టుకుని వరండా చివరికి తీసుకుపోయేలా ఏర్పాటు చేశారు. మధ్యాహ్న భోజనంలో స్టీలు కంచాల మోత వాడికి ఇంకో గండం. వంట చేసే అమ్మతో మాట్లాడి, అందరికంటే ముందు వాడి కంచం పెట్టించారు. పప్పు అన్నం మీద పోయకుండా పక్కన వేస్తే తింటాడని కూడా ఆమే కనిపెట్టారు.

ఆ తర్వాత ఫోన్‌తో ఫొటోలు తీశారు. పుస్తకంలోని బొమ్మలు వద్దన్నారు. మా బడి ప్రార్థన స్థలం, మా బడి బోర్డు, మా బడి కుళాయి, వాడి కంచం, వాడి ఇంటి తలుపు. వాటిని జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి, అట్ట మీద వరుసగా అతికించారు. ఒక పని అయిపోగానే వాడే ఆ ఫొటో పీకి డబ్బాలో వేయాలి. తర్వాత ఏం జరుగుతుందో కళ్లకు కనిపిస్తుంది, ఇల్లు చివర్లో ఉంటుందని తెలుస్తుంది, టెన్షన్ తగ్గుతుంది. మొత్తం ఖర్చు రెండు వందలు దాటలేదు. దసరా సెలవులకు ముందే ఫోన్లు ఆగిపోయాయి. ఇప్పుడు మూడో తరగతి. తెలుగు పదాలు చదువుతాడు, వంద దాకా అంకెలు వేస్తాడు. కబుర్లు చెప్పడు. బడి కుళాయి దగ్గర మాత్రం కార్డు తీసి ఇస్తాడు, కొన్నిసార్లు "నీళ్లు" అంటాడు.

ఇంత చేసిన ఆ మేడం మా బడికి వచ్చేది వారానికి ఒక్క రోజు. మిగతా రోజులు ఇంకో బడి, మంచాన ఉన్న పిల్లల ఇళ్లు, భవిత కేంద్రంలో పని, ఆన్‌లైన్ ఎంట్రీలు, మీటింగులు. ఆమె బయట ఉన్న రోజు కేంద్రానికి తాళం. మండలం మొత్తంలో అన్ని రకాల వైకల్యాల పిల్లలనూ ఆమే చూడాలి. ఇన్నేళ్లు పనిచేస్తున్నా కాంట్రాక్టు ఉద్యోగమే. 2024 డిసెంబరులో సమగ్ర శిక్ష ఉద్యోగులు సమ్మెకు దిగినప్పుడు మా పిల్లలు చాలా ఇబ్బంది పడ్డారు. అయినా మేం వాళ్ల మీద ఒక్క మాట అనలేదు. రేపు ఉంటుందో లేదో తెలియని ఉద్యోగంలో ఉన్న మనిషి, మనుషులు మారితేనే తట్టుకోలేని మా పిల్లలకు నేర్పాలి. ఆమె ఉద్యోగం నిలకడగా ఉండటం మా పిల్లల చదువుకే అవసరం.

పోస్టుల లెక్క మీకు నాకన్నా బాగా తెలుసు. ప్రైమరీలో ప్రత్యేక అవసరాలున్న 10 మంది పిల్లలకు ఒకరు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరు చొప్పున స్పెషల్ టీచర్లు ఉండాలని 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 మార్చిలో మళ్లీ గట్టిగా ఆదేశించింది. మన 2024 డీఎస్సీలో 11,062 పోస్టులుంటే అందులో 796 స్పెషల్ ఎడ్యుకేషన్ ఎస్జీటీలు (ప్రైమరీ టీచర్లు), 220 స్పెషల్ ఎడ్యుకేషన్ స్కూల్ అసిస్టెంట్లు (హైస్కూల్ టీచర్లు). ఆ నోటిఫికేషన్ చూసి మా గ్రూపులో స్వీట్ బొమ్మలు పెట్టుకున్నాం. ఇప్పుడు మేం తెలుసుకోవాలనుకునేది ఒక్కటే. ఆ టీచర్లలో ఎవరు ఏ మండలంలో ఉన్నారు? స్పెషల్ టీచర్లుగానే పనిచేస్తున్నారా, లేక టీచర్లు తక్కువ ఉన్న బడిలో మామూలు తరగతులు చెబుతున్నారా? ఆ జాబితా ప్రతి ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసు నోటీసు బోర్డు మీద పెట్టండి.

సమగ్ర శిక్ష కింద ప్రత్యేక అవసరాలున్న ఒక్కో బిడ్డకు ఏడాదికి 3,500 రూపాయల వరకు కేటాయింపు ఉంది. హైదరాబాద్‌లో అది నాలుగైదు సెషన్ల డబ్బు. అదే మండలంలో పది మంది పిల్లలవి కలిపితే లామినేషన్ మిషన్, కలర్ ప్రింటర్, చెవులకు పెట్టుకునే శబ్దం తగ్గించే హెడ్‌ఫోన్లు, గది మూలన ఒక మెత్తటి పరుపు కొనవచ్చు. ఏం కొనాలో జిల్లా ఆఫీసులో నిర్ణయించి ఒకే రకం కిట్టు అందరికీ పంపకండి. మేడంనూ తల్లులనూ అడగండి.

భాష గురించి కూడా చెప్పాలి. థెరపీ సెంటర్లలో కార్డులు ఇంగ్లిష్‌లో ఉంటాయి, యాప్‌లు ఇంగ్లిష్‌లో ఉంటాయి. ఇంట్లో కూడా ఇంగ్లిష్ ఒక్కటే మాట్లాడండి, రెండు భాషలైతే తికమకపడతాడు అని మాలో చాలామందికి చెప్పారు. ఆటిజం ఉన్న పిల్లలకు రెండు భాషలు హాని చేస్తాయన్నదానికి ఆధారం లేదు. ఈ సలహాతో జరిగిందేమిటంటే, మా గ్రూపులో ఒక పాప ఆకలేస్తే యూట్యూబ్ రైమ్స్ యాసలో "ఐ వాంట్ టు ఈట్" అంటుంది. పొద్దంతా ఆమెను చూసుకునేది నాయనమ్మ. "ఏమంటున్నవ్ బిడ్డా?" అని ఆమె అడుగుతుంది, పాప మళ్లీ అదే అంటుంది, కాసేపటికి ఇద్దరూ ఏడుస్తారు. భవిత కేంద్రాలకు మంచి తెలుగు కార్డులు తయారుచేయించండి. బ్రెడ్డు, శాండ్‌విచ్ బొమ్మలు మాకెందుకు? సద్దన్నం, జొన్నరొట్టె, ఉగ్గు, ఆర్టీసీ బస్సు, బతుకమ్మ, నాయనమ్మ ఉండాలి. లంబాడా తండాల పిల్లలకు వాళ్ల భాషలో ఉండాలి.

దగ్గర్లో సాయం దొరకని చోట మోసం దొరుకుతుంది. ఆటిజం పూర్తిగా నయం చేస్తామని, స్టెమ్ సెల్ చికిత్స అని లక్షలు అడుగుతారు. పొలం అమ్మి కట్టిన వాళ్లను నేను చూశాను. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్స సిఫారసు చేయదగింది కాదని, చేస్తే వృత్తి నియమాల ఉల్లంఘన కింద వస్తుందని 2022 డిసెంబరులో జాతీయ వైద్య కమిషన్ చెప్పింది. ఆ మాట తెలుగులో ఆశా కార్యకర్త దాకా చేరలేదు. చేర్చాల్సింది మీరు.

పిల్లలు పెద్దవాళ్లవుతారు. పదో తరగతి తర్వాత ఏమిటి, మేం పోయాక ఎవరు చూస్తారు అన్న ఆలోచనతో మాలో చాలామందికి నిద్ర పట్టదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం కలెక్టర్ గారి అధ్యక్షతన ప్రతి జిల్లాలో లోకల్ లెవెల్ కమిటీ ఉండాలి. 18 దాటిన ఆటిజం వ్యక్తులకు సంరక్షకులను నియమించేది ఆ కమిటీయే. అదే ట్రస్టు కింద నిరామయ అనే ఆరోగ్య బీమా ఉంది, ఏడాదికి లక్ష రూపాయల వరకు, అందులో థెరపీ ఖర్చులకూ కొంత వస్తుంది. మా గ్రూపులో సగం మందికి నిరామయ పేరు గ్రూపులోకి వచ్చాకే తెలిసింది. కమిటీ మీటింగు ఏ తేదీన జరుగుతుందో ముందుగా పేపర్లో వేయించండి, మేమే వస్తాం.

మీరు ముందుగా చేయగలిగింది భవిత కేంద్రం. ప్రతి కేంద్రానికి ఇద్దరు మనుషులుండాలి, ఒకరు బడులకు వెళ్లినా ఇంకొకరు గది తెరిచి ఉంచేలా. అందులో ఒకరికైనా ఆటిజంలో ట్రైనింగ్ ఉండాలి. సికింద్రాబాద్‌లో జాతీయ సంస్థ ఉండగా ట్రైనింగ్ ఇచ్చేవాళ్లు లేరని ఎవరూ అనలేరు. థెరపిస్టులను మా దగ్గరికి రప్పించండి. వాళ్లు నెలకు రెండు సార్లు వచ్చి మేడంకూ టీచరుకూ తల్లికీ నేర్పిస్తే మిగతా రోజులు మేం చేసుకుంటాం. ఇక ఏ బడి అయినా మా పిల్లవాణ్ని కాదంటే కారణం రాసివ్వాలని, ఆ కాగితం ఎంఈవో గారికి చేరాలని ఒక సర్క్యులర్ ఇవ్వండి. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10,000 రూపాయల వరకు జరిమానా అని 89వ సెక్షన్‌లో ఉంది. ఆ ఒక్క వాక్యం సర్క్యులర్ చివర రాసినా మాకిచ్చే జవాబులు మారతాయి.

జూన్‌లో బడిబాటకు టీచర్లు ఇంటింటికీ తిరుగుతారు. "మీ ఇంట్లో మాట రాని, బడికి పోని బిడ్డ ఉన్నారా?" అని ఈసారి ప్రతి గడప దగ్గరా అడగమని చెప్పండి. పిల్లల్ని లోపలి గదిలో ఉంచిన ఇళ్లు ఉన్నాయి. మర్యాదగా అడిగితే చెబుతారు. మాకు తెలిసిన పిల్లల పేర్లతో, వాళ్ల తల్లిదండ్రుల ఒప్పుకోలుతో, మా జిల్లాల మండలాలవారీ జాబితా ఒకటి మేం తయారుచేశాం. సోమవారం ప్రజావాణిలో కలెక్టర్ గార్లకు ఇస్తాం. పిల్లల్ని తీసుకురాలేం, ఆ గుంపులో వాళ్లు ఉండలేరు. రసీదుతో పాటు ఎంఈవో గారు, భవిత మేడం, బడి టీచరు, మేము కలిసి కూర్చునే తేదీ ఒకటి రాసివ్వమని కోరుతున్నాం.

ఇట్లు,
ఉమ్మడి నల్గొండ జిల్లా నుంచి ఒక తల్లి,
ఆటిజం పిల్లల తల్లిదండ్రుల తరఫున